హాథార్న్ దీపాలు: నేను చెప్పిన కథకు సవరణ

పదిహేనేళ్ళుగా నేనొక కథ చెబుతూ వస్తున్నాను. ఉపాధ్యాయ శిక్షణ తరగతుల్లో చెప్పాను, సాహిత్య సభల్లో చెప్పాను. ఒక మిత్రుడి కవితా సంపుటికి ముందుమాట రాస్తూ అక్కడా వాడుకున్నాను. బి.ఇడి. చదివే రోజుల్లో మనస్తత్వశాస్త్రం నోట్సులో రాసుకున్న కథ అది. అమెరికాలో ఒక ఫ్యాక్టరీలో దీపాల వెలుతురు పెంచారట, పని పెరిగిందట. తగ్గించారట, అయినా పెరిగిందట. చివరికి వెన్నెలంత వెలుతురు మాత్రమే మిగిల్చినా అక్కడి ఆడపిల్లలు పని తగ్గనివ్వలేదట. కాబట్టి మనిషికి కావలసింది వెలుతురు కాదు, తనను ఎవరో పట్టించుకుంటున్నారన్న భావన అని నీతి. దీనికి 'హాథార్న్ ప్రభావం' అని పేరు కూడా ఉంది. చెప్పడానికి ఎంతో బాగుంటుంది. వినేవాళ్ళు తలలూపుతారు.

నిరుడు ఒక శిక్షణ తరగతిలో ఈ కథ ముగించి నీళ్ళు తాగుతుంటే, భౌతికశాస్త్రం చెప్పే ఒక టీచరు లేచి, "అదంతా సరే మాస్టారూ, వాళ్ళకి కూలి రోజుకా, ముక్కకా?" అని అడిగింది. ఆమె తండ్రి గుంటమగ్గం మీద బతికిన మనిషి. నా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నాకు తట్టనైనా లేదు. కథానికలో పాత్రలు ఏం తిని బతుకుతున్నాయో రచయిత చెప్పలేదని ఎందరినో తప్పుపట్టినవాణ్ణి, ఈ కథలో పాత్రల కూలి సంగతి అడగలేకపోయాను. ఆ సిగ్గుతో చదవడం మొదలుపెట్టాను. నేను సైన్సు చదువుకున్నవాణ్ణి కాదు. కొలతల సంగతులు ఆ టీచరే ఓపిగ్గా చెప్పింది. మిగతావి పుస్తకాల్లో వెతుక్కున్నాను.

ముందు కొలత గురించి. మనం 'కాంతి తీవ్రత' అని ఒకే మాటగా వాడుతున్నాం గాని, ఆ మాటలో రెండు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. దీపం ఒక దిక్కుగా ఎంత కాంతి వదులుతోంది అన్నది ఒకటి. ఆ కాంతి వచ్చి పుస్తకం మీదనో, మగ్గం మీదనో, పనిబల్ల మీదనో ఎంత పడుతోంది అన్నది రెండోది. మొదటిదాన్ని ఇవాళ కాండెలాల్లో కొలుస్తారు, రెండోదాన్ని లక్సుల్లో. దీపం అదే అయినా దూరం మారితే రెండోది మారిపోతుంది. చిన్న దీపమైతే, దూరం రెట్టింపు చేస్తే వెలుతురు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. మూడు రెట్లు చేస్తే తొమ్మిదో వంతే. కెప్లర్ 1604లోనే ఈ సూత్రం చెప్పాడు.

కొలవడం మాత్రం అంత తేలిగ్గా సాగలేదు. కన్ను మోసకారి. మధ్యాహ్నపు ఎండలో లక్ష లక్సుల దాకా వెలుతురు ఉంటుంది. పున్నమి వెన్నెల ఒక లక్సు కూడా ఉండదు. ఆ రెండింటిలోనూ మనం దారి చూసుకుని నడవగలం. ఇంత తేడాను సర్దుకుపోయే కన్నును 'ఎన్ని రెట్లు' అని అడిగితే ఏం చెబుతుంది? ఫ్రాన్సు దేశపు పియెర్ బూగే ఈ చిక్కును విప్పాడు. ఆయన పుస్తకం 1729లో వచ్చింది. ఒక వెలుతురు మరొకదానికి ఎన్ని రెట్లో కన్ను చెప్పలేదు. అయితే పక్కపక్కన పెట్టిన రెండు వెలుతురులు సమానమా కాదా అన్నది మాత్రం బాగా చెప్పగలదు. కాబట్టి కన్నును లెక్క అడగకూడదు, సమానత్వం ఒక్కటే అడగాలి. కొవ్వొత్తిని వెనక్కీ ముందుకీ జరిపి, రెండూ సమానమైన చోట ఆపి, దూరం కొలుచుకుంటే లెక్క దానంతట అదే వస్తుంది. ఈ పద్ధతిలోనే ఆయన సూర్యుణ్ణీ చంద్రుణ్ణీ చెరొక కొవ్వొత్తితో సరిపోల్చి, ఎండ పున్నమి వెన్నెలకు దాదాపు 3 లక్షల రెట్లు అన్నాడు. ఇవాళ్టి లెక్క సుమారు 4 లక్షలు. కొవ్వొత్తీ కన్నూ తప్ప మరేమీ లేని మనిషి అంత దగ్గరగా వచ్చాడు.

ఆ కొవ్వొత్తి చాలాకాలం పాటు కొలమానంగా నిలిచింది. లండనులో గ్యాసు కంపెనీలు నాసిరకం గ్యాసు అమ్ముతున్నాయన్న గోల మీద 1860లో వచ్చిన చట్టం, తిమింగలం తలలోని మైనంతో చేసి గంటకు 120 గ్రెయిన్లు కాలే కొవ్వొత్తిని ప్రమాణంగా పెట్టింది. కొలమానాలు ఆకాశం నుంచి ఊడిపడవు. కొనేవాడికీ అమ్మేవాడికీ తగాదా వచ్చిన చోట పుడతాయి. అలాంటి ఒక కొవ్వొత్తి అడుగు దూరంలో ఉన్న తలం మీద వేసే వెలుతురే 'ఫుట్ క్యాండిల్'. మన లెక్కలో దాదాపు పదకొండు లక్సులు. ఈ మాట పాఠకులు గుర్తుంచుకోవాలి, ముందు దీనితో పని ఉంది.

మరొకటి కూడా గుర్తుంచుకోవాలి. మా బడిలో పిల్లలు హైడ్రిల్లా ప్రయోగం చేస్తారు. బీకరులో నీళ్ళు పోసి, అందులో హైడ్రిల్లా మొక్క ఉంచి, మీద గరాటు బోర్లించి, దానిపైన నీళ్ళు నింపిన పరీక్షనాళిక తలకిందులుగా నిలబెడతారు. ఎండ తగిలితే మొక్క నుంచి బుడగలు వస్తాయి. మా టీచరు దానికి ఇంకొంచెం జోడించింది. చీకటి చేసిన గదిలో దీపం పెట్టి, దాన్ని దూరం నుంచి దగ్గరికి జరుపుతూ నిమిషానికి బుడగలెన్నో లెక్కపెట్టించింది. మొదట్లో దీపం దగ్గరికి వచ్చేకొద్దీ బుడగలు పెరుగుతాయి. ఒక హద్దు దాటాక, దీపాన్ని ఎంత దగ్గరికి తెచ్చినా పెరగవు. దీనికి కారణాన్ని కేంబ్రిడ్జిలోని బ్లాక్‌మన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1905లో స్పష్టం చేశాడు. ఒక పని జరగడానికి నాలుగు సరుకులు కావాలనుకోండి. పని వేగాన్ని నిర్ణయించేది అన్నింటికన్నా కొరతగా ఉన్న సరుకే. వెలుతురు కొరతగా ఉన్నంతకాలం వెలుతురు పెంచితే ఫలితం ఉంటుంది. అది చాలినంత అయ్యాక కొరత మరొక చోట మొదలవుతుంది. నీళ్ళలో బొగ్గుపులుసు వాయువు చాలదు, లేదా వేడి చాలదు. అప్పుడు దీపం మార్చి ప్రయోజనం లేదు. పిల్లలు సోడాఉప్పు చిటికెడు వేస్తే బుడగలు మళ్ళీ పెరిగాయి. అది చూసి వాళ్ళు కేకలు పెట్టారు. నాకూ కేక పెట్టాలనిపించింది.

ఇప్పుడు ఫ్యాక్టరీ దగ్గరికి వద్దాం.

షికాగో నగరం అంచున సిసెరో అనే పట్టణంలో హాథార్న్ వర్క్స్ ఉండేది. వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీది. బెల్ సంస్థకు టెలిఫోను పరికరాలు తయారుచేసేవారు. వేలాదిమంది పనివాళ్ళు, వాళ్ళలో వలస వచ్చిన కుటుంబాల ఆడపిల్లలు చాలామంది. అక్కడ 1924 చివరలో దీపాల ప్రయోగాలు మొదలయ్యాయి. ఎవరు మొదలుపెట్టారన్నది మా నోట్సులో లేదు. దీపాల పరిశ్రమ అంతకు ముందునుంచే 'వెలుతురు పెంచండి, ఉత్పత్తి పెరుగుతుంది' అని ఫ్యాక్టరీ యజమానులకు చెబుతూ వచ్చింది. దీపాలు అమ్మేవాడే ఆ మాట అంటే ఎవరు నమ్ముతారు? అందుకని జాతీయ పరిశోధనా మండలి ఆధ్వర్యంలో ఒక సంఘం ఏర్పడింది. దాని గౌరవాధ్యక్షుడు థామస్ ఎడిసన్. ఖర్చులో ముఖ్యభాగం దీపాల పరిశ్రమే భరించింది. ప్రయోగాలు చేసిన యువకుడు చార్లెస్ స్నో, మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు చెందిన ఇంజనీరు. ఆయన నిజాయితీ మీద నాకేమీ అనుమానం లేదు. నా అభ్యంతరమల్లా ప్రశ్న ఎక్కడ పుట్టిందో దాచిపెట్టి, జవాబు ఒక్కటే మనకు చేరవేయడం మీద.

మొదటి విడతలో మూడు విభాగాల్లో వెలుతురు మెట్టుమెట్టుగా పెంచి చూశారు. ఉత్పత్తి పెరిగింది, తగ్గింది, మళ్ళీ పెరిగింది. వెలుతురుకూ దానికీ పొత్తు కుదరలేదు. రెండో విడతలో తీగచుట్టలు చుట్టే పనివాళ్ళను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు 24, 46, 70 ఫుట్ క్యాండిళ్ళు. పోలిక కోసం ఉంచిన రెండో గుంపుకు 16 నుంచి 28 వరకు. రెండు గుంపుల పనీ పెరిగింది, దాదాపు ఒకేలా పెరిగింది. మూడో విడతలో కిటికీ వెలుతురు రానివ్వకుండా దీపాల మీదే నడిపించారు. ఒక గుంపుకు 10 ఫుట్ క్యాండిళ్ళు కదలకుండా ఉంచి, రెండో గుంపుకు ఒక్కొక్కటే తగ్గిస్తూ 3 దాకా తెచ్చారు. పని తగ్గలేదు. రెండు గుంపుల్లోనూ మెల్లగా పెరుగుతూనే వచ్చింది.

ఇక్కడిదాకా నేను చెప్పిన కథే. అయితే ప్రయోగాల గురించి 1939లో వచ్చిన ప్రసిద్ధ గ్రంథంలోనే ఆ తర్వాతి వాక్యం ఒకటి ఉంది. వెలుతురు 3 ఫుట్ క్యాండిళ్ళకు దిగగానే ఆ ఆడవాళ్ళు తమకు కళ్ళు కనబడటం లేదని చెప్పారు. పని కూడా తగ్గింది. ఈ వాక్యం మా నోట్సుకు చేరేలోగా ఎక్కడో రాలిపోయింది. నేను పదిహేనేళ్ళు ఈ వాక్యం లేని కథే చెప్పాను. హైడ్రిల్లా బీకరును జ్ఞాపకం చేసుకుంటే ఇందులో మాయ ఏమీ లేదు. పది ఫుట్ క్యాండిళ్ళ దగ్గర వెలుతురు కొరత కాదు, కొరత మరెక్కడో ఉంది. మూడు దగ్గర వెలుతురే కొరత అయింది.

వెన్నెల సంగతి కూడా చూశాను. అది అబద్ధం కాదు. కాని అక్కడ కూర్చున్నవాళ్ళు ఇద్దరు. పనిలో ఆరితేరినవాళ్ళు, ప్రయోగానికి ఇష్టపడి వచ్చినవాళ్ళు. ఒక చిన్న గదిలో వెలుతురును 0.06 ఫుట్ క్యాండిల్ దాకా, అంటే ఒక లక్సుకన్నా తక్కువకు దింపినా, వాళ్ళు తీగ చుట్టగలిగారు. వేళ్ళు నేర్చిన పని కన్ను లేకుండా కొంతసేపు సాగుతుంది. మా అమ్మ కరెంటు పోయినప్పుడు చీకట్లోనే రాట్నం మీద కండెలు చుట్టడం నేను చూశాను. దానివల్ల మా అమ్మకు దీపం అక్కరలేదని ఎవరూ సిద్ధాంతం చెయ్యలేదు. ఆ ఇద్దరినీ నేను 'అక్కడి ఆడపిల్లలు' చేసేశాను. ఏకవచనానికీ బహువచనానికీ తేడా నేర్పే పంతులు చేసిన పని ఇది.

ప్రయోగాలు 1927 ఏప్రిల్‌లో ముగిశాయి. వెలుతురు అనేక కారణాల్లో ఒకటి మాత్రమేనని, మిగతా వాటి నుంచి దాన్ని విడదీయడం సాధ్యం కాలేదని స్నో రాశాడు. పరిశ్రమ కోరిన జవాబు రాలేదు. సంఘం తన పూర్తి నివేదికను అచ్చువెయ్యనే లేదు. ఉత్పత్తి లెక్కలు చాలాకాలం పాటు పోయాయనే అనుకున్నారు.

ఖాళీ అయిన ఆ చోట మరో కథ మొలిచింది. అదే 1927లో ఫ్యాక్టరీ యాజమాన్యం రిలేలు బిగించే కొద్దిమంది ఆడవాళ్ళను వేరే గదిలో కూర్చోబెట్టి, విరామాలు, పనిగంటలు మారుస్తూ కొత్త ప్రయోగం మొదలుపెట్టింది. 1928లో హార్వర్డ్ నుంచి ఎల్టన్ మేయో వచ్చి చేరాడు. కార్మికుడికి కావలసింది డబ్బుకన్నా ఆదరణ, పలకరింపు, గుంపులో చోటు అన్న సిద్ధాంతానికి ఆ గది ఆధారమయింది. మేనేజిమెంటు చదువుల్లో అది వేదమయింది. 1950లలో 'హాథార్న్ ప్రభావం' అన్న పేరు స్థిరపడేసరికి, ఈ గది ఫలితమూ ఆ దీపాల ఫలితమూ కలిసిపోయి నీతికథ తయారయింది.

ఆ గదిలో ఏం జరిగింది? అంతకు ముందు వాళ్ళ సంపాదన వందమంది ఉన్న పెద్ద విభాగం మొత్తం తీసిన పని మీద ఆధారపడేది. గదిలోకి వచ్చాక ఆ చిన్న గుంపు తీసిన పని మీదే లెక్కగట్టారు. అంటే తన చేతి వేగం తన జీతంలో కనబడటం మొదలయింది. టీచరు అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే: ముక్కకు, గుంపు లెక్కన. ఇంకొకటి. మాటలు ఎక్కువయ్యాయని, పని తగ్గించారని ఇద్దరిని 1928 మొదట్లో ఆ గది నుంచి తీసేసి, వాళ్ళ స్థానంలో మరో ఇద్దరిని పెట్టారు. ఆ తర్వాతే ఉత్పత్తి బాగా పెరిగింది. ఆదరణ గురించి చెప్పే కథలో ఈ తీసివేత ఎక్కడా వినబడదు. ఆస్ట్రేలియాకు చెందిన అలెక్స్ కేరీ 1967లో ఈ విషయాలన్నీ బయటికి లాగి, డబ్బూ క్రమశిక్షణా చేసిన పనిని పలకరింపు ఖాతాలో వేశారని గట్టిగా విమర్శించాడు. 1974లో పార్సన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తాము ఎంత చేశామో వాళ్ళకు ఎప్పటికప్పుడు తెలియడం, దానికి తగ్గట్టు డబ్బు రావడం, ఈ రెండూ కలిసి పని పెంచాయని వాదించాడు.

దీపాల లెక్కలు పోలేదని తర్వాత తెలిసింది. అమెరికా విశ్వవిద్యాలయాల గ్రంథాలయాల్లో ఉన్న ఆ కాగితాలను లెవిట్, లిస్ట్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రజ్ఞులు తిరిగి లెక్కగట్టి 2011లో ప్రచురించారు. వాళ్ళకు దొరికినది చదివి నేను కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. దీపాలు మార్చింది ఆదివారాలు, ఫ్యాక్టరీ మూసి ఉన్నప్పుడు. సోమవారం చూస్తే శనివారం కన్నా పని ఎక్కువగా కనబడేది. పెంచినా ఎక్కువే, తగ్గించినా ఎక్కువే. అయితే దీపాలు ముట్టుకోని వారాల్లో కూడా సోమవారం పని శనివారం కన్నా ఎక్కువే! ఒకరోజు సెలవు దొరికిన ఒళ్ళు సోమవారం చురుగ్గా పనిచేసింది. వారం చివరికి అలిసింది. 'ఎటు మార్చినా పెరిగింది' అన్న వింతలో చాలాభాగం ఇదే. వాళ్ళు నిక్కచ్చి మనుషులు కాబట్టి, ప్రయోగమన్న ఎరుక కొంచెం పనిచేసి ఉండవచ్చుననడానికి సన్నని జాడలు లేకపోలేదని కూడా రాశారు. కాని నేను సభల్లో చెప్పినంత పెద్ద ప్రభావం ఆ లెక్కల్లో లేదు.

ఇదంతా అయ్యాక ఆ టీచరు తండ్రిని చూడటానికి వెళ్ళాను. ఇప్పుడు ఆయన నెయ్యడం లేదు, చూపు తగ్గింది. 1948 ఫ్యాక్టరీల చట్టం 17వ సెక్షను పనిచేసే ప్రతిచోటా తగినంత, అనువైన వెలుతురు ఉండాలని శాసించింది గాని, ఇంట్లో తవ్విన మగ్గం గుంటకు ఆ సెక్షను ఎన్నడూ వర్తించలేదు. "మగ్గం మీద ఎంత వెలుతురు కావాలి బాబాయిగారూ?" అని అడిగాను. లక్సులూ కాండెలాలూ నా నోట్లో సిద్ధంగా ఉన్నాయి.

"రంగును బట్టి," అన్నాడాయన. "తెల్లపోగైతే సందెవేళ కూడా తెగింది కనబడుద్ది, అతుక్కోవచ్చు. నల్ల పడుగు మీద నల్ల పేక అయితే మిట్టమధ్యాహ్నం కూడా తలుపు దగ్గరికి వంగి చూసుకోవాల్సిందే."

టీచరు పక్కనుంచి వివరించింది. పడే వెలుతురు ఒకటే అయినా తెల్లపోగు దాన్ని చాలావరకు తిప్పి పంపుతుంది, నల్లపోగు మింగేస్తుంది. కంటికి చేరేది తిరిగి వచ్చినదే. అందుకే పనికి ఇంత వెలుతురు చాలు అని ఒకే అంకె చెప్పడం కుదరదు, ఏ పని, ఏ రంగు, ఎవరి కన్ను అన్నది అడగాలి. కొలతకు ప్రమాణంగా ప్రపంచం ఒప్పుకున్న 'సగటు కన్ను' కూడా హాథార్న్ ప్రయోగాలు మొదలైన 1924లోనే ఖాయమయిందట. ఎందరో మనుషుల చూపును కొలిచి తీసిన సగటు అది. అరవై దాటిన నేతగాడి కన్ను ఆ సగటుకు చాలా దూరంలో ఉంటుంది.

"మరి నల్ల చీరకు మజూరీ ఎక్కువ ఇచ్చేవారా?" అని అడిగాను.

"చీర చీరే. రంగుకెవరిస్తారు?" అన్నాడు. "రాత్రి బల్బు దించుకుని నేసేవాణ్ణి. శుక్రవారం సంతకి అందకపోతే ఆ వారం డబ్బు ఉండదు గదా."

వచ్చే నెలలో మళ్ళీ శిక్షణ తరగతి ఉంది. నా పాత నోట్సులో ఆ పేజీ చింపలేదు. హాథార్న్ కథ అలాగే ఉంచి, పక్కన ఖాళీలో 3 ఫుట్ క్యాండిళ్ళ సంగతి, ఇద్దరి తీసివేత, సోమవారం లెక్క రాసుకున్నాను. కూలి ప్రశ్న మాత్రం ఈసారి నేనే ముందు అడగదలచుకున్నాను. ముందుమాట రాసిన మిత్రుడికి కూడా ఉత్తరం రాశాను, రెండో ముద్రణ వేస్తే ఆ పేరా తీసెయ్యమని.